వార్డుల్లో ఆరోగ్యం పని చేయాలనుందా? ఇలా మొదలుపెట్టండి

నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతుంటారు. "అక్కా, ఎంఎస్‌డబ్ల్యూ చేయమంటారా, ఎంపీహెచ్ చేయమంటారా, లేకపోతే జర్నలిజం చదివి అటు నుంచి రమ్మంటారా?" అని. (ఎంఎస్‌డబ్ల్యూ అంటే సోషల్ వర్క్‌లో పీజీ, ఎంపీహెచ్ అంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ.) అడిగేవాళ్ళలో చాలామంది ఒక్క టీకాల రోజు కూడా దగ్గరుండి చూసి ఉండరు. అందుకే నేను డిగ్రీ సంగతి ముందు చెప్పను. ముందు పని చూడండి, మీ ఒంటికి పడుతుందో లేదో తెలుసుకోండి, ఆ తర్వాత ఫీజు కట్టండి.

పని ఏంటంటే, ఆరోగ్యం గురించి తెలిసిన విషయాన్ని జనం ఇంట్లో జరిగే విషయంగా మార్చడం. దీనికి కాలాన్ని బట్టి పేర్లు మారుతూ వచ్చాయి. ఒకప్పుడు ఐఈసీ (ఇన్ఫర్మేషన్, ఎడ్యుకేషన్, కమ్యూనికేషన్) అన్నారు, తర్వాత బీసీసీ (బిహేవియర్ చేంజ్ కమ్యూనికేషన్) అన్నారు, ఇప్పుడు దానికి ముందు సోషల్ చేర్చి ఎస్‌బీసీసీ అంటున్నారు. ఉద్యోగ ప్రకటనల్లో ఈ మూడూ కనిపిస్తాయి, కంగారు పడకండి. గుంటూరులో మా ఫీల్డు వాళ్ళం మాత్రం "అవేర్‌నెస్ పని" అనే అంటాం. నేను దీంట్లోకి అవుట్‌రీచ్ వర్కర్‌గా వచ్చాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను, మధ్యలో చేసిన తప్పులు చాలానే ఉన్నాయి, కొన్ని కింద రాస్తాను.

మొదటి పని: ఒక బుధవారం ఖాళీ చేసుకోండి

మన దగ్గర బుధవారం, శనివారం టీకాల రోజులు. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న అంగన్‌వాడీకో, పట్టణ ఆరోగ్య కేంద్రానికో ఉదయం తొమ్మిదిన్నరకల్లా వెళ్ళండి. ముందురోజే సచివాలయానికి వెళ్ళి అక్కడి ఏఎన్‌ఎం గారితో, అంటే వార్డు హెల్త్ సెక్రటరీతో, "మేడం, నేను నేర్చుకుందామని వస్తాను, ఒక మూల కూర్చుంటాను" అని చెప్పి ఉంచండి. చెప్పకుండా నోట్‌బుక్ పట్టుకుని ప్రత్యక్షమైతే తనిఖీకి వచ్చారనుకుని అందరూ సర్దుకు కూర్చుంటారు, ఇక మీకు కనిపించేదేమీ ఉండదు.

అక్కడ ఎవరెవరు ఏం చేస్తారో గమనించండి. అంగన్‌వాడీ టీచరు, ఆయమ్మ ఇద్దరూ ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) వాళ్ళు. ఆ పథకం 1975 అక్టోబర్ 2 నుంచి ఉంది. ఆశా కార్యకర్త జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద 2005 తర్వాత వచ్చారు, ఊళ్ళో అయితే సుమారు వెయ్యి మందికి ఒకరు. ఏఎన్‌ఎం సూది వేస్తారు, తల్లీబిడ్డల కార్డు నింపుతారు, మళ్ళీ అదంతా టీకాల లెక్క ఉండే ప్రభుత్వ పోర్టల్ యూవిన్‌లో ఎక్కించాలి. ఈ ముగ్గురి మధ్య ఎవరి మాట ఎవరు వింటారు, రాని పిల్లల ఇళ్ళకి ఎవరు వెళ్తారు, వెళ్ళినప్పుడు గుమ్మంలో ఏమంటారు, ఇదంతా ఏ సిలబస్‌లోనూ ఉండదు. ఆశా అక్కతో కలిసి ఒక మధ్యాహ్నం నాలుగిళ్ళు తిరగండి. ఆమె "ఏం పిన్నీ, కోడలు అన్నం తింటుందా?" అని మొదలుపెట్టి పది నిమిషాల తర్వాత గానీ టీకా ఊసెత్తదు. ఆ పది నిమిషాలే మీరు నేర్చుకోవాల్సింది.

పిలుపు దగ్గరే చాలా పనులు చెడతాయి. వయసు చూసి అక్కా, పిన్నీ, మామ్మా అనండి. పాత గుంటూరు ముస్లిం ఇళ్ళల్లో ఆపా, ఖాలా అంటే తలుపు కాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. "అమ్మా, మీరు గర్భిణీ స్త్రీయా?" అని ఫారం భాషలో అడిగారంటే లోపలి నుంచి అత్తగారే సమాధానం చెప్తుంది.

ఒక వీధి, ఒక సంగతి, మూడు నెలలు

ఇలా నాలుగైదు వారాలు తిరిగాక ఒక వీధి ఎంచుకోండి. ముప్పై, నలభై ఇళ్ళు చాలు. ఒక్క సంగతి ఎంచుకోండి. "ఆరోగ్య అవగాహన" అని పెట్టుకుంటే మూడు నెలల తర్వాత చూపించడానికి ఫొటోలు తప్ప ఏమీ మిగలవు. గర్భిణులు ఐరన్ మాత్రలు వేసుకోవడం, విరేచనాలప్పుడు ఓఆర్‌ఎస్ సరిగ్గా కలపడం, రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించుకోవడం, ఇలాంటిదేదైనా.

ఓఆర్‌ఎస్ సంగతి కొంచెం వివరంగా చెప్తాను, నాకు ఈ పని నేర్పింది అదే. 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్ళు కలుషితమై ఆనందపేట చుట్టుపక్కల అతిసారం వ్యాపించింది. చనిపోయినవాళ్ళున్నారు. మేం అప్పుడు ఇంటింటికీ ప్యాకెట్లు, కరపత్రాలు పంచాం. కరపత్రంలో అంతా సరిగ్గానే ఉంది: ఒక ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, కలిపింది 24 గంటల్లో వాడేయాలి, పిల్లలకి జింక్ మాత్ర 14 రోజులు వేయాలి. ఏదీ తప్పు కాదు.

మూడో రోజు ఒక ఇంట్లో మూడేళ్ళ బాబుకి తగ్గడం లేదని పిలిచారు. నేను వెళ్ళేసరికి తల్లి ఓఆర్‌ఎస్ కలిపి పెట్టింది, కూల్‌డ్రింక్ బాటిల్లో. అది ముప్పావు లీటరు బాటిల్. ప్యాకెట్ మొత్తం దాంట్లో పోసేసింది, వాడికి ఉప్పగా తగిలి ఉమ్మేస్తున్నాడు. పక్కింట్లో ఒకామె ప్యాకెట్‌ని నాలుగు మడతలు పెట్టి, గ్లాసుకి చిటికెడు చొప్పున మూడు రోజులుగా వాడుతోంది. "లీటరంటే ఎంత అక్కా?" అని అడిగితే ఇద్దరూ ఇంట్లో చెంబు చూపించారు. నా బ్యాగులో ఉన్న లీటరు వాటర్ బాటిల్ తీసి చెంబులో పోశాను. బాటిల్లో ఇంకా మూడో వంతు నీళ్ళు ఉండగానే చెంబు నిండి పొర్లింది.

ఆ సాయంత్రం నుంచి మేం చేసిన పని ఇదొక్కటే. బాటిల్ పట్టుకుని ఇంటికి వెళ్ళడం, వాళ్ళు రోజూ మంచినీళ్ళు తాగే గ్లాసే తీసుకుని లీటరుకి ఎన్ని గ్లాసులు పడుతుందో వాళ్ళ చేతే పోయించడం, ఆ అంకె వంటింటి గోడ మీద సుద్దముక్కతో రాయడం. ఒకింట్లో 4, ఒకింట్లో 5, పెద్ద స్టీలు గ్లాసులున్న ఇంట్లో 3. రెండు వారాల తర్వాత వెళ్తే చాలా ఇళ్ళల్లో ఆ అంకెలు చెరపకుండానే ఉన్నాయి. కరపత్రం మార్చమని ఆఫీసులో అడిగాను. "ప్రింటయిపోయింది కదమ్మా" అన్నారు. అంతే.

మీరు మీ వీధిలో ఏం చేసినా మొదట్లో లెక్క తీసుకోండి, చివర్లో మళ్ళీ తీసుకోండి. అడిగే పద్ధతి ముఖ్యం. "ఓఆర్‌ఎస్ కలపడం తెలుసా?" అంటే అందరూ తెలుసనే అంటారు, మన మొహం చూసి. "కలిపి చూపించండి" అనండి. పది మందిలో ఎంతమంది సరిగ్గా కలిపారో రాసుకోండి. మాత్రల సంగతైతే "వేసుకుంటున్నారా?" అనొద్దు, స్ట్రిప్ తెమ్మని, మిగిలినవి లెక్కపెట్టండి. ఒక నోట్‌బుక్ చాలు: ఇంటి గుర్తు, తేదీ, మొదటిసారి ఏం చూశారు, రెండోసారి ఏం చూశారు, వాళ్ళు అన్న మాట ఒకటి వాళ్ళ మాటల్లోనే. పేర్లు రాయొద్దు. ఈ నోట్‌బుక్కే రేపు ఇంటర్వ్యూలో మీ సర్టిఫికెట్ల కన్నా ముందు నిలబడుతుంది, నేను అవతలి కుర్చీలో కూర్చుని చూశాను కాబట్టి చెప్తున్నా.

వేళ, ఇంట్లో మాట చెల్లే మనిషి

నా మొదటి మీటింగ్ ఉదయం 11 గంటలకి పెట్టాను. టెంట్ వేయించి, మైకు తెప్పించి. ఫిబ్రవరి నెల, మిర్చి సీజన్. ఆ పేటలో ఆడవాళ్ళంతా పొద్దున్నే కోల్డ్ స్టోరేజీలకి, యార్డు వైపు పనులకి వెళ్ళిపోయారు, కాయలకి తొడిమలు తీయడానికి. నా ముందు కూర్చుంది ఇద్దరు తాతలు, కొందరు పిల్లలు. టాపిక్ ఏంటంటే గర్భిణుల రక్తహీనత. ఒక తాత చాలా శ్రద్ధగా విన్నాడు, పాపం.

సాయంత్రం పెడదామా అంటే ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా సీరియళ్ళు. చివరికి పని జరిగింది పంపు దగ్గర. నీళ్ళు వదిలే వేళకి అరగంట ముందే బిందెలు వరసలో పెట్టి అందరూ అక్కడే ఉంటారు, కబుర్లు చెప్పుకుంటూ. విజయవాడ కొండ ప్రాంతాల్లోనూ ఇంతే, మెట్ల మలుపు దగ్గర నీళ్ళ కోసం ఆగే చోటే మీ సభ. మైకు వద్దు, టెంట్ వద్దు. ఆటోనగర్‌లో డ్రైవర్లతో మాట్లాడాలంటే లోడింగ్ కోసం ఆగి ఉన్నప్పుడు, టీ కొట్టు దగ్గర.

ఇంకోటి, డ్వాక్రా గ్రూపు నెల మీటింగ్. పది మంది దాకా ఒక్కచోట దొరుకుతారు, అదీ వాళ్ళ పని మీద వచ్చి. ఈ గ్రూపుల పని చూసేది పట్టణంలో అయితే మెప్మా ఆర్పీ (రిసోర్స్ పర్సన్), ఊళ్ళల్లో అయితే వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు), వాళ్ళతో ముందే మాట్లాడుకుని అప్పుల లెక్క అయ్యాక పదిహేను నిమిషాలు అడగండి. లెక్క మధ్యలో దూరితే మిమ్మల్ని ఇంకెప్పుడూ రానివ్వరు. మన రాష్ట్రంలో ఆడవాళ్ళ గుంపు ఎంత దూరం వెళ్ళగలదో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించినప్పుడే తెలిసింది, కాబట్టి వాళ్ళని "లబ్ధిదారులు" అని మనసులో కూడా అనుకోవద్దు.

ఇక ఎవరి మాట చెల్లుతుందన్నది. ఐరన్ మాత్రలు తీసుకోండి, గర్భిణికి రోజుకి ఒకటి, 180 రోజులు. మీరు కోడలికి చెప్పి వచ్చేస్తారు. నాలుగో రోజు ఆమెకి విరేచనం నల్లగా అవుతుంది, అత్తగారు భయపడి "బిడ్డ నల్లగా పుడుతుంది, మానెయ్" అంటుంది. మానేస్తుంది. ఇందులో అత్తగారి తప్పేమీ లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. కాబట్టి మొదటి రోజే అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, "మామ్మా, రేపట్నుంచి నల్లగా అవుతుంది, మాత్ర ఒంట్లోకి వెళ్తోందనడానికి గుర్తు అది, కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేయించండి, టీతో మాత్రం వద్దు" అని చెప్పండి. ముందే చెప్పిన విషయం జరిగితే మీ మీద నమ్మకం పెరుగుతుంది. జరిగాక చెప్తే సాకులాగా ఉంటుంది.

పోస్టరు, పాట, వాట్సాప్

కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెడతారు, నేను మాత్రం దీన్ని నాలుగో పనిగా పెట్టాను. ఏది తయారు చేసినా ప్రింటుకి ఇచ్చే ముందు జెరాక్స్ కాపీ ఒకటి పట్టుకుని ఆ వీధిలో ఏడెనిమిది మందికి విడివిడిగా చూపించండి. "బాగుందా?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "ఇందులో ఏం జరుగుతోంది?" అని అడిగి నోరు మూసుకోండి. మేం ఒకసారి టీబీ మీద బొమ్మ వేయించాం: బక్కచిక్కిన మనిషి, గోడకి చేరగిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆర్టిస్టు చాలా బాగా వేశాడు. చూసినవాళ్ళలో ఎక్కువమంది "తాగుడు మానమని చెప్తున్నారు" అన్నారు. ఒకామె అయితే "మా ఆయన బొమ్మ ఎందుకు వేశారు?" అంది. నవ్వుకున్నాం గానీ, ఆ బొమ్మ అలాగే వెళ్ళి ఉంటే పరీక్షకి వచ్చేవాళ్ళు కూడా మొహం చాటేసేవాళ్ళు. మార్చి, పనిలో ఉన్న మామూలు మనిషి, రెండు ఆదివారాలు దాటిన క్యాలెండరు, పక్కన తెమడ డబ్బా వేశాం. టీబీ విషయంలో ఇంకో మాట కూడా పెట్టండి: మందులు ఉచితం, నిక్షయ్ పోషణ్ యోజన కింద మందులు వాడినన్నాళ్ళూ నెలకి డబ్బు వస్తుంది, 2018లో 500 రూపాయలతో మొదలై 2024 నవంబర్ నుంచి 1,000 అయింది. జబ్బు భయం కన్నా ఈ వాక్యం ఎక్కువమందిని కదిలించింది.

రాత గురించి. ఒక వాక్యంలో ఒకే పని చెప్పండి. "వ్యక్తిగత పరిశుభ్రత పాటించవలెను" అని రాసే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. "అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి" అంటే సరిపోతుంది. రాసింది పెద్దగా చదవండి, మీ అమ్మగారు మధ్యలో "అంటే?" అన్న చోట మార్చండి.

వాట్సాప్‌లో పోస్టరు కన్నా ఆడియో బాగా పని చేస్తుంది, ఒక నిమిషం లోపు, ఆ పేట మనిషి గొంతుతో. ఆశా అక్క గొంతే అయితే ఇంకా మంచిది. మీ రేడియో గొంతు అక్కర్లేదు. పాత పద్ధతులనీ కొట్టిపారేయొద్దు. బుర్రకథకి పేరు తెచ్చిన షేక్ నాజర్ గారిది ఈ గుంటూరు జిల్లా పొన్నెకల్లే. ఆ కళలో హాస్యగాడు అడ్డం వచ్చి జనం మనసులో ఉన్న ప్రశ్ననే అడుగుతాడు చూడండి, మన వీడియో స్క్రిప్టుల్లో లేనిదల్లా ఆ ప్రశ్న అడిగేవాడే. మీరు స్క్రిప్టు రాస్తే డాక్టరు పక్కన అలాంటి మనిషి ఒకడిని పెట్టండి, "సూది వేస్తే జ్వరం వస్తుందంటగా!" అని అడ్డం తగిలేవాడిని.

ఇప్పుడు చదువు

ఇంత చేశాక మీకే తెలుస్తుంది ఏది కావాలో. మనుషులతో, సంఘాలతో పని నచ్చితే ఎంఎస్‌డబ్ల్యూ. లెక్కలు, జబ్బు ఎక్కడ ఎందుకు వస్తోందన్నది నచ్చితే ఎంపీహెచ్. రాయడం, తీయడం నచ్చితే జర్నలిజం, కమ్యూనికేషన్. గుంటూరు, విజయవాడ మధ్యలోనే ఉన్న నాగార్జున యూనివర్సిటీలో సోషల్ వర్క్, జర్నలిజం రెండూ ఉన్నాయి, పీజీసెట్ రాయాలి. హాస్టల్ ఖర్చు లేకుండా బస్సులో వెళ్ళి రావచ్చు. హైదరాబాద్ వెళ్ళగలిగితే సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్, ఎంపీహెచ్ రెండూ ఉన్నాయి, సీయూఈటీ పీజీ ద్వారా తీసుకుంటారు. రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఎన్‌ఐఆర్‌డీ ఉంది, దాని పీజీ డిప్లొమాకి ఫీల్డులో పేరుంది. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నో ఎంఎస్‌డబ్ల్యూ, దాని రీజనల్ సెంటర్ విజయవాడలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక "స్వయం"లో ఉచిత కోర్సులు చాలా ఉన్నాయి గానీ ఆ సర్టిఫికెట్లు పదిహేను జతచేసి పంపకండి, ఎవరూ చూడరు.

డిగ్రీతో పాటు మూడు చేతిపనులు నేర్చుకోండి: ఎక్సెల్‌లో పివట్ టేబుల్, ఫోన్లో సర్వే తీసే కోబో లాంటి టూలు, ఒక పేజీలో ఇంగ్లీషు రిపోర్టు రాయడం. మన పిల్లలు తెలుగులో అద్భుతంగా మాట్లాడి, రిపోర్టు దగ్గర ఆగిపోతారు. తప్పుల్లేని చిన్న చిన్న వాక్యాలు చాలు, గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు.

ఉద్యోగాలు ఎక్కడుంటాయి

ప్రభుత్వం వైపు: డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో డెమో అని ఒకరుంటారు, జిల్లా ఎక్స్‌టెన్షన్, మీడియా ఆఫీసరు. జిల్లాలో ఆరోగ్య ప్రచారమంతా ఆ టేబుల్ మీదుగానే వెళ్తుంది. మీ వీధి పని పట్టుకుని ఒకసారి వెళ్ళి కలవండి, ఉద్యోగం అడగొద్దు, సలహా అడగండి. జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు పోస్టుల నోటిఫికేషన్లు జిల్లా వెబ్‌సైట్లోనే వేస్తారు, గడువు తక్కువ ఇస్తారు కాబట్టి వారానికి ఒకసారి చూస్తూ ఉండండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక గుంటూరు, పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్, కృష్ణా ఇవన్నీ వేటికవే, అయిదూ చూడాలి.

హెచ్‌ఐవీ వైపు: జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) డబ్బుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్) ప్రాజెక్టులు, అంటే హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ళ మధ్య చేసే పని. అందులో పీర్ ఎడ్యుకేటర్లు, అవుట్‌రీచ్ వర్కర్లు, కౌన్సెలరు, లెక్కలు చూసే మనిషి, ప్రోగ్రామ్ మేనేజరు ఉంటారు. జీతం తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. సూక్ష్మంగా రికార్డు రాయడం, రాత్రి పూట ఫీల్డు, తిట్టినా నవ్వుతూ తిరిగి రావడం, అన్నీ అక్కడే వస్తాయి. విజయవాడలో 1969 నుంచి ఉన్న వాసవ్య మహిళా మండలి లాంటి పాత సంస్థల్లో వాలంటీరుగా చేరినా పునాది పడుతుంది.

కంపెనీల వైపు: 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి, అంటే సామాజిక బాధ్యత పనులకి ఖర్చు పెట్టాలి. అందులో ఆరోగ్యం, పారిశుద్ధ్యం, చదువు వాటా పెద్దది. ఇక్కడ జీతం ఒక మెట్టు పైనే ఉంటుంది, పీపీటీలు కూడా ఒక మెట్టు పైనే ఉంటాయి.

ఏ సంస్థలో చేరినా ముందు రెండు చూడండి. డబ్బు ఎవరిది, ఎప్పటిదాకా? విదేశీ నిధులైతే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ బతికుందా? ఆ వివరం హోంశాఖ వెబ్‌సైట్లో దొరుకుతుంది. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి ఇవ్వడం కుదరదు, దాంతో చిన్న సంస్థలు చాలా చితికిపోయాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు ఆ డబ్బుతో నడిచే ఆరోగ్య ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యారు, నాకు తెలిసినవాళ్ళే ఉన్నారు, ఈఎంఐలున్నవాళ్ళు. కాబట్టి ఒకే రకం ప్రాజెక్టులో పదేళ్ళు కూర్చోవద్దు. హెచ్‌ఐవీ చేశారా, తర్వాతది పోషణ చేయండి, ఆ తర్వాత నీళ్ళు, పారిశుద్ధ్యం.

దరఖాస్తులో "టీమ్ ప్లేయర్", "ప్యాషనేట్" అన్న మాటలు తీసేసి, "38 ఇళ్ళ వీధిలో మూడు నెలలు; మొదట పది మందిలో ఇద్దరు సరిగ్గా కలిపారు, చివర్లో ఏడుగురు" లాంటి వాక్యం ఒకటి రాయండి, మీ నిజమైన అంకెలతో. అంకె చిన్నదైనా పర్వాలేదు. నలుగురే మారితే నలుగురనే రాయండి, మిగతావాళ్ళు ఎందుకు మారలేదో రాస్తే ఇంకా మంచిది; నేను అదే చూస్తాను.

వరద వచ్చిన రోజున

ఈ ఉద్యోగంలో అసలు పరీక్ష ఆపద వచ్చినప్పుడు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ళు మునిగినప్పుడు మేం అలవాటుకొద్దీ మంచి మంచి వాట్సాప్ మెసేజ్‌లు తయారు చేశాం. అవతల కరెంటు లేదు, ఫోన్లన్నీ చచ్చిపోయి ఉన్నాయి. డాబాల మీద ఉన్నవాళ్ళకి మా మెసేజ్ ఎలా వెళ్తుంది? పడవల్లో, ఆహార ప్యాకెట్లతో పాటు నోటి మాటగా వెళ్ళిందే పనికొచ్చింది. అలాంటప్పుడు మూడు మాటలకి మించి చెప్పొద్దు. కాచిన నీళ్ళో, క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగిన నీళ్ళో తాగండి. విరేచనాలు మొదలైతే ఓఆర్‌ఎస్, ఆగకపోతే క్యాంపు ఫలానా చోట. తడిసిన స్విచ్‌బోర్డు ముట్టుకోవద్దు. ఆ "ఫలానా చోట" అన్నది గంట గంటకీ మారుతుంది, దాన్ని సరిచూసి చెప్పడమే మీ డ్యూటీ. పుకారు వస్తే "అది అబద్ధం" అని ఊరుకోకండి, నిజమేంటో ముందు చెప్పండి, పుకారుని మీ నోటితో రెండోసారి అనకండి.

చేరే ముందు, చేరాక

గోప్యత గురించి ఒక్క సంఘటన చెప్తాను. హెచ్‌ఐవీ ప్రాజెక్టులో ఉన్నప్పుడు విజయవాడ బస్టాండులో ఒకామె కనిపించింది, నేను సంతోషంగా "బాగున్నావా అక్కా, మందులు..." అన్నాను. పక్కన ఆమె తమ్ముడున్నాడు. ఆమె నన్ను చూడనట్టే బస్సు ఎక్కేసింది. తర్వాత నెల కౌన్సెలింగ్‌కి రాలేదు, ఆ తర్వాతి నెల కూడా. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని నాకు ట్రైనింగ్‌లో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. బస్టాండులో గుర్తు రాలేదు. అప్పట్నుంచీ బయట ఎవరైనా కనిపిస్తే వాళ్ళు పలకరించేదాకా నేను పలకరించను. ఫొటోల విషయంలో కూడా ఇదే లెక్క, సంస్థకి ఎంత అవసరమైనా సరే, పేషెంటు మొహం తీయొద్దు.

ఆఫర్ చేతికొచ్చాక మొహమాటం లేకుండా అడగండి: కాంట్రాక్టు ఎన్ని నెలలు, పీఎఫ్ ఉందా, జీతం ప్రాజెక్టు డబ్బు ఆలస్యమైతే ఆగుతుందా, రాత్రి ఫీల్డుకి తోడెవరు, బండి మీదా వాళ్ళదా, కిలోమీటరుకి ఎంత. నేను మొదటి ఉద్యోగంలో చివరి ప్రశ్న అడగలేదు, అడిగితే చిన్నగా ఉంటుందేమో అనుకుని. గుంటూరు నుంచి రోజూ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను, స్కూటీ మీద. నా జీతం 6,500, ఏడాది చివర్లో లెక్క వేసుకుంటే పెట్రోలుకే రెండు నెలల జీతం పైన పోయింది.